ఊ కొట్టేవాడు, కథ నడిపేవాడు

తెర ముందు ఒంటరిగా కూర్చున్న మనిషి ముక్కూ మొహం తెలియని జనాన్ని ఒక్కటే అడుగుతాడు: నేనొక్కణ్నే ఆడతాను, నాకోసం ఆట నడిపేవాళ్లు ఎవరైనా ఉన్నారా? అతను అడిగేది మాయలూ మంత్రాలూ ఉన్న లోకంలో సాగే పాత్రధారణ ఆట. ఆటగాడు దొంగగానో, వైద్యుడిగానో, దేశం వదిలిన రాకుమారుడిగానో మారతాడు. 'తలుపు తోస్తున్నాను' అంటాడు. తలుపు వెనక ఏముందో చెప్పవలసింది అవతలి మనిషి. అడవీ అతనే, అడవిలో పులీ అతనే, పులిని మచ్చిక చేసుకున్న ముసలమ్మా అతనే. పాచిక పడ్డాక దాని అర్థమేమిటో తేల్చేదీ అతనే. ఆ మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. మామూలుగా నలుగురైదుగురు ఆటగాళ్లకు ఒకరు సరిపోతారు. కానీ ఒక్కడికోసం ఒకరు కావాలని వెతికేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్లకు ఆ ఒక్కరు దొరకడం కష్టం. దీన్ని పైదేశాల నుంచి వచ్చిన కొత్త సరదాగా, ఒంటరితనానికి కొత్త పేరుగా కొట్టిపారేయడం తేలిక. అది తొందరపాటని నా వాదన. తన కథను నడిపే మనిషి కావాలన్న కోరిక చాలా పాతది. కొత్తది వెతుకులాట. ఒకప్పుడు ఆ మనిషిని ఎవరూ వెతుక్కోలేదు, ఎందుకంటే పుట్టుకతోనే కుదిరి ఉండేవాడు. ఆ కుదురు ఎలా ఉండేదో, ఎలా చెదిరిందో చూస్తే ఈనాటి వెతుకులాటలో ఏది లోపించిందో తెలుస్తుంది. చూడటానికి చింతలనార్ మంచి తావు.

చింతలనార్ ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, సుక్మా జిల్లాలో, దోర్నాపాల్ నుంచి జగర్‌గుండాకు పోయే దారిలో ఉంది. నార్ అంటే గోండీలో ఊరు. ముందున్న చింత మన చెవికి మన మాటగానే వినిపిస్తుంది. ఆ కలయిక అక్కడ వింతేమీ కాదు. శబరి ఒడ్డున కొంటా దాటితే తెలుగు నేల. ఆ వైపు దోర్లలు మాట్లాడే కోయలో తెలుగు పాలు ఎక్కువ. బస్తర్ రాజవంశం కూడా తన మూలాన్ని ఓరుగల్లులోనే చెప్పుకుంది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఈ అడవుల్లోకి వచ్చాడని ఐతిహ్యం. దంతేశ్వరీ దేవి అతనితో ఒక మాట అనుకుంది: నువ్వు ముందు నడు, నేను వెనక వస్తాను, నడిచినంత మేరా నీ రాజ్యం, కానీ వెనక్కి తిరిగి చూడకు. అందెల చప్పుడు వింటూ అతను నడిచాడు. శంఖినీ డంకినీ నదులు కలిసేచోట ఇసుకలో అందెలు కూరుకుపోయి చప్పుడు ఆగింది. అతను తిరిగి చూశాడు. దేవి అక్కడే నిలిచిపోయింది, దంతెవాడ గుడి అక్కడే వెలిసింది. ఈ కథను చరిత్రగా నమ్మనక్కర్లేదు, దాని కట్టుబాటును గమనిస్తే చాలు. నడిచేవాడు ఒక్కడు. అతను అడుగు వేసినంత మేర లోకం ఏర్పడుతుంది. కనబడకుండా వెనక నడుస్తూ నియమం పెట్టి, నియమం తప్పితే ఏమవుతుందో తేల్చే శక్తి ఒకటి. ఆ ఇద్దరి మధ్య ఒక ఒప్పందం. ఈనాడు ఒంటరి ఆటగాడు వెతుక్కుంటున్నది సరిగ్గా ఆ వెనక నడిచే తోడునే.

ఐతిహ్యంలో ఆ తోడు దేవత. ఊళ్లలో మాత్రం మనిషే, ఆ మనిషి ఎవరో ముందే రాసిపెట్టి ఉండేది. నిజాం ప్రభుత్వ కాలంలో, 1940లలో, ఆదిలాబాద్ అడవుల్లో పనిచేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1948లో రాజగోండుల మీద అచ్చువేసిన పుస్తకంలో ఈ ఏర్పాటు వివరంగా కనిపిస్తుంది. ఒక్కో ప్రధాన్ కుటుంబం కొన్ని గోండు వంశాలకు తరతరాల కథకులు. కిక్రి అనే తీగవాద్యం పట్టుకుని ఆ వంశం ఎక్కడ పుట్టింది, ఏ గుహలోంచి బయటపడింది, ఏ దేవుణ్ని వెంటబెట్టుకుని ఏ దారిన వచ్చింది అన్నది పాడతారు. వంశదేవుడు పెర్సపేన్ కొలుపుకు ప్రధాన్ ఉండాలి, పెళ్లికి ఉండాలి, చావుకు ఉండాలి. ప్రతిగా ధాన్యం, బట్ట, పశువు అతని హక్కు. భద్రాచలం వైపు కోయల్లో ఈ పని డోలీలది. పడిగె అనే మూడు మూలల గుడ్డ మీద కుట్టిన బొమ్మలను చూపుతూ గట్లవారీగా కోయ వంశాల పుట్టుపూర్వోత్తరాలు చెబుతారు. తెలంగాణ మైదానంలోకి వస్తే అదే కట్టుబాటు కులాలవారీగా పాకింది. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందహెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు. చేర్యాల నకాషీలు పదుల అడుగుల పొడవున బొమ్మలు వేసి ఇచ్చిన పటాన్ని విప్పుకుంటూ కథ చెప్పే బృందాలకు ఊళ్ల పంపకం ఉండేది. ఆ హక్కును మిరాశీ అన్నారు. ఈ ఊరు నాది, ఈ ఇళ్లకు కథ చెప్పేవాణ్ని నేను అని కథకుడు అన్నదమ్ముల పంపకాల్లో పొలం లెక్క కట్టినట్టు లెక్క కట్టుకునేవాడు.

ఈ ఏర్పాటులో గమనించవలసింది కథకుడి హక్కును మాత్రమే కాదు, వినేవాడి బాధ్యతను కూడా. ప్రధాన్ వస్తే గోండు ఇంటి యజమాని నాకిప్పుడు తీరిక లేదు అనలేడు. కోతలయ్యాక వచ్చే కథకుడికోసం గింజలు పక్కన పెట్టాలి. కూర్చోవాలి. రాత్రి సాగినంత సేపూ మెలకువగా ఉండాలి. తెలుగు ఇళ్లలో ఆ బాధ్యతకు అతి చిన్న రూపం ఊ కొట్టడం. కథ చెప్పమని మారాం చేసిన పిల్లవాడికి అమ్మమ్మ పెట్టే మొదటి షరతు అదే, ఊ కొడితేనే చెబుతాను. ఊ ఆగితే కథ ఆగుతుంది. బుర్రకథలో ఆ ఊ రెండు గొంతులయింది. కథకుడికి ఇరుపక్కలా నిలబడ్డ వంతలు తాన అందుకుంటారు, అడ్డు ప్రశ్న వేస్తారు, హాస్యం ఆడతారు, ఊళ్లో సంగతి మధ్యలోకి లాగుతారు. కథకుడి నోటిలోంచి ఒక్క మాట రావడానికి ఎదుట ఒక ఊ ఉండాలన్న ఎరుక మన సంప్రదాయమంతటా పరుచుకుని ఉంది. ఇది మర్యాద మాత్రమే కాదు, పని సాగే తీరే అది. వినేవాడు ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ భయపడ్డాడో, ఎక్కడ నిద్రకు జారుతున్నాడో ఆ ఊ లోని బరువుతోనే చెప్పేవాడికి తెలుస్తుంది. దాన్నిబట్టి రాక్షసుణ్ని దగ్గరికి తెస్తాడు, లేదా ఏటి అవతలే ఉంచుతాడు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ప్రధాన్ పాడేది ఎప్పటినుంచో ఉన్న వంశగాథ, దాన్ని వినేవాడు మార్చలేడు. ఆటలో ఆటగాడు ఎటు పోతే కథ అటు పోతుంది, రెండింటినీ ఒక గాటన కట్టడం సరికాదు అని. ఈ తేడా నిజమే, దాన్ని చెరపనక్కర్లేదు. అయితే వినేవాడి నిర్ణయం మీద కథ ఆధారపడటం మన కథా చట్రాలకు తెలియని విషయం కాదు. శుకసప్తతి సంస్కృత మూలంలో చిలుక కథను చిక్కుముడి దాకా తెచ్చి ఆపుతుంది; ఇప్పుడామె ఏం చేయాలో నువ్వు చెప్పు అని, భర్త లేని వేళ గడప దాటబోతున్న ప్రభావతిని అడుగుతుంది. ఆమె రాత్రంతా ఆలోచిస్తుంది. ఆమె గడప దాటుతుందా లేదా అన్నదే అసలు కథ. పాలవేకరి కదిరీపతి ఆ చట్రాన్ని తెలుగులోకి తెచ్చాడు, అయ్యలరాజు నారాయణామాత్యుడు హంసవింశతిలో చిలుక స్థానంలో హంసను కూర్చోబెట్టాడు. బేతాళుడు విక్రమార్కుడి భుజం మీద కూర్చుని కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనభంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఇంతకన్నా కఠినమైన ఆట నియమం ఏ ఆధునిక పుస్తకంలో ఉంది? మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల ఎత్తుగడ మరీ దగ్గరిది. కాశీకి తోడు కావలసిన యతి పశువులు కాసే కుర్రవాణ్ని రమ్మంటాడు. దారిలో నాకు కనిపించిన ప్రతి వింతకూ కథ చెబితేనే వస్తానని కుర్రవాడు షరతు పెడతాడు. ఏ దారిన పోయి ఏ వింత చూడాలో కుర్రవాడి ఇష్టం. ఆ వింత వెనక లోకాన్ని నిలబెట్టడం గురువు పని. మజిలీకొక కథ చొప్పున వాళ్లు నడుస్తారు. ఒకరికోసం ఒకరు కథ నడపడానికి కుదుర్చుకున్న ఒప్పందాన్ని ఇంత స్పష్టంగా తెలుగులో మరెవరూ రాయలేదు.

బస్తర్‌లో ఇది పుస్తకాల దాకా కూడా పోనక్కర్లేదు. డెబ్భై ఐదు రోజులు సాగే జగదల్‌పూర్ దసరాకు మొదట అనుమతి అడగాలి. నేతపని చేసే మిర్గాన్ కులంలోని చిన్న పిల్ల ముళ్ల ఊయల మీద కూర్చుంటుంది. కాఛిన్ దేవి ఆమె మీదికి వస్తుంది. రాజు అంతటివాడు ఆ పిల్ల ఎదుట నిలబడి, పండగ సాగనిస్తావా అని అడుగుతాడు. ఆమె అవుననాలి. ఊళ్లలో సిరహా ఒంటిమీదికి దేవుడు వచ్చినప్పుడూ ఇదే తీరు. వచ్చినవాడు తన గోడు చెప్పుకుంటాడు, దేవుడు ఎదురు ప్రశ్న వేస్తాడు, నువ్వేం చేశావో చెప్పమంటాడు, విన్నాక ఏం చేయాలో తేలుస్తాడు. ఇవి ఆటలు కావు. భక్తితో చేసే పనిని ఆటతో పోల్చడం అగౌరవమని ఎవరైనా నొచ్చుకుంటే ఆ నొప్పిని గౌరవించాలి. నేను పోలుస్తున్నది పవిత్రతను కాదు, ఇద్దరు మనుషులు కూర్చునే తీరును. ఒకరు అడుగుతారు, ఇంకొకరు తనది కాని గొంతుతో జవాబిస్తారు, ఆ జవాబుకు ఇద్దరూ కట్టుబడతారు. ఈ కూర్చునే తీరు మనిషికి ఎంత అవసరమో, అది గుడిలోనూ కథలోనూ ఆటలోనూ మళ్లీ మళ్లీ మొలవడమే చెబుతుంది.

ఆటలోకి అది మరో దారిన వచ్చింది. 1812లో ప్రష్యాలో రైస్విట్స్ అనే అధికారి సైనిక శిక్షణ కోసం బల్ల మీద ఆడే యుద్ధక్రీడను రాజుకు చూపించాడు. 1824లో ఆయన కొడుకు దాన్ని నియమాలతో అచ్చువేశాడు. ఎదుటి పక్షం ఎక్కడుందో ఆటగాళ్లకు తెలియదు. ఇద్దరి ఆజ్ఞలూ అందుకుని ఏం జరిగిందో చెప్పేవాడు మధ్యవర్తి. 1876లో వెర్డీ దు వెర్న్వా అనే సేనాని, పట్టికలూ పాచికలూ తగ్గించి అనుభవమున్న మధ్యవర్తి తీర్పుకే వదిలేయాలని వాదించాడు. 1969లో అమెరికాలోని మినసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అలాంటి యుద్ధక్రీడలో ఒక్కో ఆటగాడికి సేనకు బదులు ఒక్కో మనిషి పాత్ర ఇచ్చాడు. ఆటగాళ్లు అతను ఊహించని పనులన్నీ చేశారు, అతను అప్పటికప్పుడు జవాబులు చెప్పాడు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ 1971లో బ్లాక్‌మూర్ అనే మాయాలోకాన్ని నడిపాడు. ఆయనా గ్యారీ గైగాక్సూ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువరించారు. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. ఆ తొలి పుస్తకాల్లో ఆట నడిపేవాణ్ని రిఫరీ అనే అన్నారు. అంటే తీర్పరి వచ్చి కథకుడి పీట మీద కూర్చున్నాడు. ఇక్కడా ఎవరూ ఎవరినీ వెతుక్కోలేదన్నది గమనించాలి. సైన్యంలో మధ్యవర్తిని పై అధికారి నియమించాడు. మినసోటాలో స్నేహితుల గుంపులోనే ఒకడు ఆ పని ఎత్తుకున్నాడు. వారం వారం అదే ఇంట్లో, అదే బల్ల చుట్టూ కూర్చునేవాళ్ల మధ్య ఆ బాధ్యత పుట్టింది.

నలుగురు కలిసి ఆడాల్సిన ఆటను ఒక్కడికే నడపమనడం స్వార్థం కాదా అన్నది రెండో అభ్యంతరం. ఆటల చరిత్ర తెలిసినవాళ్లే ఈ మాట ఎక్కువగా అంటారు. కానీ మన పెద్ద కథలన్నీ ఒక్క శ్రోతకు చెప్పినవే. వైశంపాయనుడు భారతం చెప్పింది జనమేజయుడికి. శుకుడు భాగవతం చెప్పింది ఏడు రోజుల్లో చావు రాసిపెట్టి ఉన్న పరీక్షిత్తుకు. మిగిలినవాళ్లు పక్కన కూర్చుని విన్నారు, ఆ తర్వాత లోకం విన్నది. ఆ ఒక్కడి ప్రశ్న ఎంత సూటిగా ఉంటే కథ అంత లోతుగా పోయింది. పరీక్షిత్తు అడిగింది కాలక్షేపం కోసం కాదు, మిగిలిన ఏడు రోజులూ ఎలా బతకాలన్న ప్రశ్నకు జవాబు కోసం. గుంపులో ఆడేటప్పుడు ప్రతివాడూ తన వంతు కోసం ఆగాలి, అందరికీ నచ్చే దారి పట్టాలి. ఒక్కడే ఆడేటప్పుడు భయపడేందుకు, తప్పు చేసేందుకు, ఒక పాత్రతో గంటసేపు ఊరకే మాట్లాడేందుకు చోటుంటుంది. పాత్ర ముసుగులో తనను తాను అడగలేని ప్రశ్న అడిగేందుకూ చోటుంటుంది. ఒంటరి ఆట కోరడం మనుషుల నుంచి పారిపోవడం కాదు. ఒక మనిషి పూర్తి దృష్టిని కోరడం అది. అలాంటి దృష్టి దొరకడం అరుదు కాబట్టే అడగడానికి జంకు, అడిగితే జవాబు రాదేమోనన్న బెరుకు.

అది అరుదు ఎప్పుడయింది? కుదిరి ఉన్న బంధం తెగినప్పుడు. నర్మద పైలోయలో ప్రధాన్లు తమ గోండు ఠాకూర్ల ఇళ్లకు మూడేళ్లకొకసారి కథ పట్టుకుని వెళ్లేవారని శ్యామ్‌రావ్ హివాలే 1946లో ప్రధాన్ల మీద రాసిన పుస్తకంలో నమోదు చేశాడు. పంటా పశువూ తగ్గి, భూమి చేతులు మారి, కొత్త తరానికి తీరిక పోయేసరికి ఆ రాకపోకలు పలచబడ్డాయి. పాటన్‌గఢ్ ప్రధాన్ల బిడ్డ జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌ను 1980ల మొదట్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ భోపాల్ భారత్ భవన్‌కు తీసుకెళ్లాడు. తాతలు పాడిన దేవతలను అతను కాగితం మీద చుక్కలతో గీశాడు. లోకమంతా మెచ్చుకుంది. 2001లో అతను జపాన్‌లో, ఇంటికి దూరంగా చనిపోయాడు. ఆ కళ గొప్పదే, కానీ దాని వెనక ఒక నష్టం ఉంది. వినేవాడు పోయిన కథకుడు చూసేవాడి కోసం వెతుక్కోవలసి వచ్చింది. తెలంగాణలో మిరాశీ ఊళ్లు పట్నాలకు వలసపోయాక పటం విప్పే బృందాలకూ అదే గతి. చింతలనార్ వైపు తెగడం నెమ్మదిగా కూడా జరగలేదు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో వందలాది ఊళ్లు ఖాళీ అయ్యాయి. జనం శిబిరాల్లోకో, అడవి లోపలికో, గోదావరి ఇవతలికో వెళ్లారు. ఇవతలికి వచ్చినవాళ్లను మనం గుత్తికోయలంటున్నాం. 2010 ఏప్రిల్ 6న చింతలనార్ దగ్గరి తాడ్మెట్ల అడవిలో జరిగిన దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు, ఆ ఊరి పేరు దేశానికి తెలిసింది ఆ చావులతోనే. 2011 జూలైలో సుప్రీంకోర్టు సల్వా జుడుం చట్టవిరుద్ధమంది. కోర్టు తీర్పు ఊరిని తిరిగి ఇవ్వగలదేమో గానీ, కొలుపు జరగని ఏళ్లలో చెప్పకుండా పోయిన కథను తిరిగి ఇవ్వలేదు.

పాత ఏర్పాటును ఇలా తలుచుకోవడంలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచి ముందుకు పోవడం న్యాయం కాదు. పుట్టుకతో కుదిరిన కథకుడు పుట్టుకతోనే తక్కువవాడు కూడా. ప్రధాన్ గోండు కన్నా కింది మెట్టు. డక్కలివారు మాదిగవాడకు కూడా వెలిబయటే ఉండేవారు. కథ చెప్పే హక్కుకు అడుక్కునే బతుకు అంటుకుని ఉంది. కథకుడి కొడుకు వేరే పని చేస్తాననడానికి వీల్లేదు, ఆడపిల్ల కిక్రి పట్టడానికి వీల్లేదు. ఆ సంకెల తెగడం మంచిదే. ఇంటర్నెట్‌లో వెతుక్కునేవాడికి, నడిపేవాడికి ఇద్దరికీ ఇష్టాయిష్టాలున్నాయి. కులం అడగరు, వద్దనుకుంటే మానేయవచ్చు. అయితే సంకెలతో పాటు తెగిపోయింది ఇంకొకటి ఉంది, అది పరస్పర బాధ్యత. రెండు వారాలు ఆడి ఒక పక్షం మాట్లాడకుండా మాయమవడం ఇలాంటి ఆటల్లో మామూలు. నడిపేవాడు రాత్రంతా కూర్చుని ఒక నగరాన్ని అల్లితే ఆటగాడు మర్నాడు రాడు. ఆటగాడు నెలరోజులు తన పాత్రకు ప్రాణం పోస్తే నడిపేవాడికి ఆసక్తి పోతుంది. ఎవరికీ ఎవరూ ఏమీ బాకీ లేరు. మిరాశీలో బాకీ ఉంది, స్వేచ్ఛ లేదు. ఇప్పుడు స్వేచ్ఛ ఉంది, బాకీ లేదు. వెతుకులాట ఎందుకు ఫలించడం లేదన్న ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది.

ఇంత చిక్కెందుకు, మనిషి దొరక్కపోతే యంత్రం ఉంది కదా అన్నది చివరి అభ్యంతరం. ఇది కూడా కొత్తది కాదు. తపాలాలో ఆటలు నడపడానికి 1970లో మొదలైన ఫ్లయింగ్ బఫెలో సంస్థ 1976లోనే ఒక్కడే ఆడుకునే పుస్తకం బఫెలో క్యాసిల్ తెచ్చింది. నచ్చిన దారి ఎంచుకుని ఆ అంకె ఉన్న పేజీకి పోవాలి. పిల్లల కోసం అలాంటి పుస్తకాల వరస 1979లో అమెరికాలో మొదలైంది. 1982లో ఇంగ్లండ్‌లో స్టీవ్ జాక్సన్, ఇయాన్ లివింగ్‌స్టన్ అలాంటి పుస్తకానికి పాచికలు చేర్చారు. 2003లో గేమ్ మాస్టర్ లేకుండా ప్రశ్నకు అవుననో కాదనో పాచికతో తేల్చే మిథిక్ అనే పద్ధతి వచ్చింది. 2019లో భాషా నమూనాతో నడిచే ఏఐ డంజన్ వచ్చింది, దానికి ఏం చెప్పినా జవాబిస్తుంది. వీటన్నిటికీ విలువ ఉంది. తోడు లేని రాత్రి వీటితో గడిపినవాళ్లను తక్కువ చేయనక్కర్లేదు. కానీ యంత్రం దగ్గర ఊ కొట్టవలసిన అవసరం ఉండదు. నువ్వు మధ్యలో లేచిపోయినా దానికి పోయేదేమీ లేదు. నీకోసం అది ఒక రాత్రి నిద్ర మానుకోలేదు. పరీక్షిత్తు ఎదుట శుకుడు కూర్చున్నాడన్న మాటకు బరువు వచ్చింది శుకుడు మరోచోట ఉండగలిగీ అక్కడ కూర్చున్నాడు కాబట్టి. పైగా యంత్రానికి తెలిసింది ముందే రాసి ఉన్న భాష. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాట్లాడేవాళ్లు దాదాపు 29.8 లక్షలు, కోయ మాట్లాడేవాళ్లు నాలుగు లక్షలకు పైగా. అయినా ఈ భాషల్లో అచ్చయింది కొద్ది. చింతలనార్ పిల్లవాడు తన భాషలో అడవిలోకి అడుగుపెట్టి ఎదురేముందని అడిగితే, ఆ ఊరి చెట్ల పేర్లతో, ఆ ఊరి దేవుళ్ల కోపతాపాలతో జవాబు చెప్పగల యంత్రం వచ్చినా, అది ముందు ఆ ఊరి మనుషుల నోటి నుంచే నేర్చుకోవాలి.

దూరాన్ని దాటే సాధనం మనుషుల మధ్య బంధానికి పనికి రాదని కాదు. 2010లో శుభ్రాంశు చౌధరి ఛత్తీస్‌గఢ్‌లో మొదలుపెట్టిన సీజీనెట్ స్వర దానికి రుజువు. చదవడం రానివాళ్లు కూడా మామూలు ఫోన్‌తో పాటో కథో ఊరి సమస్యో తమ భాషలో చెప్పి నమోదు చేయవచ్చు, మరో ఊరివాళ్లు ఫోన్ చేసి వినవచ్చు. అక్కడ గోండీలో పాడినవాళ్లు ఎవరో తెలియని శ్రోత కోసం పాడారు. చెప్పేవాడు ఉంటే వినేవాడు దొరుకుతాడన్న నమ్మకం అందులో ఉంది. అయితే నమోదైన పాటకు మనం ఊ కొడితే పాడినవాడికి వినబడదు. ఈ లోటు తీరాలంటే రెండు వైపులా మనుషులు ఒకే సమయంలో ఉండాలి. గేమ్ మాస్టర్ కోసం వెతికేవాడు సరిగ్గా ఇక్కడే గట్టివాడు, అతను నమోదైనది చాలదంటున్నాడు, తన మాటకు మాట కావాలంటున్నాడు. అతని కోరిక సరైనది. అడిగే పద్ధతి ఒక్కటే మారాలి. నాకు ఇలాంటి లోకం కావాలి, ఇలాంటి కథ కావాలి అని జాబితా రాసేముందు పాత యజమాని వాకిట్లో పక్కన పెట్టిన గింజలను తలుచుకోవాలి. నేను వారంలో ఏ రాత్రి ఖాయంగా వస్తాను, నడిపేవాడి శ్రమకు డబ్బుగానో, బదులు ఆట నడపడంగానో ఏమిస్తాను, కథ నచ్చకపోతే మాయమవకుండా ఎలా చెబుతాను, కంచికి చేరేదాకా ఉంటానా అన్నది ముందు చెప్పాలి. పుట్టుక విధించిన బాకీని ఇష్టపడి తలకెత్తుకోవడమే మిగిలిన దారి. సంకెల లేని మిరాశీ అదే.

గోదావరికి ఇటూ అటూ ఉన్న తెలుగువాళ్లకు ఇందులో మరో బాకీ ఉంది. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ వంశగాథలను కోయలోనూ తెలుగులోనూ పాడగలిగిన కొద్దిమందిలో ఒకరు. మేడారం జాతర దేవతల కథ ఆయన గొంతులో ఉండేది. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయనలాంటివాళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్ల పాటను రికార్డు చేయడం అవసరమే, కానీ అది సగం పనే. పడిగె విప్పినప్పుడు ఎదుట కోయ పిల్లలు కూర్చోవాలి. ఈ బొమ్మ ఎవరిది, ఈ ఏరు దాటితే ఏమయింది, నేనయితే దాటేవాణ్ని కాదు అని అడ్డుపడాలి. అడ్డుపడిన పిల్లవాడికి జవాబు చెప్పడానికి డోలీకి ఒక రాత్రి, ఆ రాత్రికి తగిన కూలీ ఉండాలి. గోదావరి ఇవతల పుట్టిన గుత్తికోయ పిల్లలకు ఆ రాత్రి మరీ అవసరం, ఎందుకంటే వాళ్ల వెనక అందెల చప్పుడు ఆగి ఇరవై ఏళ్లవుతోంది. ఐతిహ్యంలో అన్నమదేవుడు వెనక్కి తిరిగి చూడటం తప్పు. ఈ పిల్లలు తిరిగి చూడటం తప్పు కాదు. తిరిగి చూసినప్పుడు అక్కడ ఒక మనిషి కనబడాలి. ఆ మనిషిని ఈ రోజున వెతికి, కూర్చోబెట్టి, ఊ కొట్టవలసింది మనమే.